మట్టెవాడలో రెండో గంట

రికార్డరు బల్ల మీద పెట్టగానే సారు భాష మారిపోతుంది. అంతదాకా గడప దగ్గర నిలబడి "రా తమ్మీ, చెప్పులు ఆడనే ఇడువు, కుర్చీ గిటు జరుపుకో, ఆడ ఎండ పొడ వడ్తది" అన్న మనిషి, ఎర్రదీపం వెలగడం చూసి నడుము నిటారు చేసుకుంటారు. గొంతు సవరించుకోరు, అది గమనించండి. ఒక్క గుటక మింగుతారంతే. ఆ తర్వాత వచ్చేది సన్మానపత్రం భాష. "చిన్ననాటి నుండియే కళల పట్ల అమితమైన ఆసక్తి కలిగి..."

మనం కూర్చున్నది వరంగల్ మట్టెవాడలో, ఓ సందు చివర పాత ఇంటి ముందుగదిలో. డిసెంబరు నెలాఖరు. పొద్దున తొమ్మిదైనా గచ్చు చల్లగానే ఉంది. గోడ మీద వరసగా శాలువాలు కప్పించుకుంటున్న ఫొటోలు. వాటన్నిటికంటే ఎత్తున, పూలదండతో, మిమిక్రీ కళాకారుడు నేరెళ్ళ వేణుమాధవ్ ఫొటో. ఇవాళ 28వ తేదీ. 1932లో ఇదే రోజున ఆయన ఇదే మట్టెవాడలో పుట్టారు. సాయంత్రం హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో, ఆయన పేరిటే ఉన్న కళాప్రాంగణంలో జయంతి కార్యక్రమం ఉంది. సారు తన శిష్యుణ్ణి ఒకణ్ణి తీసుకుని అక్కడికి వెళ్లాలి. అప్పటిదాకా మనకు ఖాళీ.

సారుకు డెబ్బై దాటాయి. సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. బడి లేని పూటలన్నీ మిమిక్రీ చేశారు. పేరు రాయొద్దన్నారు. "నేరెళ్ళ సారు పేరున్న కాగితం మీద నా పేరు ఎందుకు తమ్మీ" అన్నారు. ఆ మాటలో వినయం కోసం తెచ్చిపెట్టుకున్నది ఏమీ లేదు కాబట్టి నేనూ ఒప్పుకున్నాను.

మొదటి ప్రదర్శన, మొదటి శాలువా, కలెక్టరుగారి మెచ్చుకోలు, ఎవరో మంత్రి చేతుల మీదుగా జ్ఞాపిక. సారు చెప్పుకుపోతుంటారు. ఆపకండి. ఇవి చాలాసార్లు చెప్పిన మాటలు, చెప్పీ చెప్పీ నున్నబడ్డ మాటలు. ఇవి బయటికి వెళ్లిపోతే గానీ వెనక ఉన్నవి కదలవు. నటుల్నీ, హాస్యగాళ్లనీ, దర్శకుల్నీ కూర్చోబెట్టి వాళ్ల జీవితాన్ని తీరిగ్గా చెప్పించడంలో అసలు కష్టం ఈ మొదటి గంటను దాటించడమేనని నాకు గట్టి నమ్మకం.

తెలుగులో ఆ ఓపిక ఎలా ఉంటుందో టీఎన్నార్ చూపించారు. ఐడ్రీమ్ వారి 'ఫ్రాంక్లీ విత్ టీఎన్నార్' ఇంటర్వ్యూలు రెండు గంటలూ దాటి సాగేవి. పెద్ద హీరోలు దొరికే దాకా ఆగలేదు ఆయన. తెర మీద రెండు నిమిషాలు కనబడి వెళ్లిపోయేవాళ్లను, మనకు ముఖం గుర్తుండి పేరు తెలియనివాళ్లను కూడా అదే కుర్చీలో, అంతే గౌరవంగా కూర్చోబెట్టారు. చిన్న చిన్న వేషాలు తానూ వేశారు. 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య'లో చూసే ఉంటారు. 2021 మే 10న కరోనా ఆయన్ను తీసుకుపోయింది. ఆయన పాత వీడియోలు చూస్తున్నప్పుడు నన్ను పట్టి ఆపేది ఆయన అడిగిన ప్రశ్నలకంటే, జవాబు అయిపోయాక కూడా వెంటనే ఇంకో ప్రశ్న వేయకుండా ఊరుకున్న ఆ కొన్ని క్షణాలే.

సారు మూడో సన్మానం దగ్గరికొచ్చారు. ఇక ఇప్పుడు అడగొచ్చు.

"సార్, నాగయ్యగారి గొంతు చేసేటప్పుడు ముందు ఏది కదుల్తది? నాలుకనా, దవడనా?"

సారు ఆగిపోతారు. రికార్డరు వైపు చూసే చూపు నా వైపు తిరుగుతుంది. వీపు కుర్చీకి ఆనుతుంది.

"రెండూ గాదు. ఊపిరి."

అంతే, భాష తిరిగి ఇంటికొచ్చేసింది. "అందరం ఊపిరి తీస్కొని మాట మొదలువెడ్తం. నాగయ్యగారు సగం ఇడిసినంక మొదలువెడ్తరు. మిగిలిన సగం ఊపిరితోటే మాట నడవాలె. గందుకే ఆ మాట మీద ఎక్కడా బరువు పడది. చివరి అక్షరం కరిగిపోతది. నువ్వు గొంతు మెత్తగ చేస్తే నాగయ్య రాడు, ముసలాయన వస్తడు."

రంగారావుగారో?

"ఎస్వీఆర్‌ది గొంతు పట్టుకోవద్దు. ఆగుడు పట్టుకోవాలె. మాటకూ మాటకూ నడుమ ఎంతసేపు ఆగుతడు, ఆగినప్పుడు కండ్లు ఏం చేస్తయి. కండ్లు గట్ల తిప్పకుంటే గొంతు రాదు. ముఖం మారకుంట గొంతు మారదు తమ్మీ, రేడియోల చేసినా గంతే."

జగ్గయ్యగారి దగ్గరికి వచ్చేసరికి అరచేయి ఛాతీ మీద వేసుకుంటారు. కొంగర జగ్గయ్య ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివినవాడు, తెలుగులో శివాజీ గణేశన్‌కు గొంతు ఇచ్చినవాడు. ఆ కంచుకంఠాన్ని గొంతులోంచి తీయబోతే దగ్గొస్తుందట. ఛాతీలో మోగనిచ్చి, పెదవుల దగ్గర మాత్రం వార్తలు చదివినంత శుభ్రంగా అక్షరాన్ని విడవాలి.

సినిమా డైలాగులేమీ చెప్పరు సారు. ఒకే ఒక్క మాట తీసుకుంటారు: "ఛాయ్ పెట్టినవా?" అదే మాట మొదట నాగయ్యగారై బతిమాలతారు. తర్వాత రంగారావుగారై, "ఛాయ్" అని ఆగి, గదంతా ఒకసారి చూసి, మిగతాది అంటారు. మూడోసారి జగ్గయ్యగారై ప్రకటిస్తారు. మన వీపు మీద వెంట్రుకలు లేస్తాయి. ఎందుకంటే ఈ గదిలో, ఈ బనీను మీద స్వెటరు వేసుకున్న ముసలాయన ముఖంలో, ఆ ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చుని వెళ్లారు.

వంటింట్లోంచి జవాబు: "ముగ్గురికి కలిపి ఒక్కటే గిలాస!"

సారు ఇల్లాలు, అమ్మ, ఛాయ్ తెస్తారు. తెచ్చి వెళ్లిపోరు, తలుపుకు ఆనుకుని నిలబడతారు. కళాకారుడితో మాట్లాడేటప్పుడు ఆ ఇంటి మనిషి అలా నిలబడితే మీ అదృష్టం. సారు చెప్పనివి ఆమె చెప్తారు. పెళ్లయిన కొత్తలో పొద్దుగాల లేస్తే ఇంట్లో పులి, రైలు, పసిపిల్ల ఏడుపు. బర్రె బెదిరి పాలు ఎగబెడుతోందని అత్తగారు కొడుకును బయటికి వెళ్లగొట్టింది. అప్పటినుంచి భద్రకాళి చెరువు కట్టే ఆయన బడి. "ఒక పెద్ద కుండ కూడ మోస్కపొయ్యేది" అంటారామె.

కుండ ఎందుకు?

ఇది సన్మానపత్రంలో లేదు. సారు కొంచెం సిగ్గుపడతారు, తర్వాత ముందుకు వంగుతారు. మన గొంతు మనకు గాలిలోంచే కాదు, తల ఎముకల గుండా కూడా వినిపిస్తుంది. అందుకే మనకు బరువుగా, నిండుగా తోస్తుంది. మొదటిసారి టేపులో విన్నవాడు 'ఇది నా గొంతేనా' అనేది అందుకే. టేపు రికార్డరు కొనే స్థోమత లేని రోజుల్లో మిమిక్రీ నేర్చేవాడికి పెద్ద చిక్కు ఇది: తను చేస్తున్నది ఎదుటివాడికి ఎలా వినబడుతుందో తెలీదు. కుండ మూతికి ముఖం దగ్గరగా పెట్టి మాట్లాడితే, మాట తిరిగి చెవికి తగిలేది. సరిపోలేదు అనుకున్నప్పుడు మళ్లీ. ఆ కుండ లోపల నాగయ్యగారు కుదరడానికి ఒక ఎండాకాలం పట్టిందట.

వేణుమాధవ్ తరానికి ఇంకా కష్టం. సినిమా హాల్లో తప్ప నటుడి గొంతు దొరికే చోటు దాదాపు లేదు, వెనక్కి తిప్పి వినే వీలు లేదు. మళ్లీ వినాలంటే మళ్లీ టిక్కెట్టు కొనాలి. అలా విని, కుర్రతనంలోనే స్టేజీ ఎక్కినవాడు. ఆయనా కొన్నాళ్లు బడిపంతులే. తెలుగు నటుల దగ్గర మొదలై, దేశనాయకుల గొంతులదాకా, 'టెన్ కమాండ్‌మెంట్స్' ఘట్టాన్ని మాటలూ సంగీతమూ చప్పుళ్లతో సహా ఒక్క నోటితో వినిపించేదాకా వెళ్లారు. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు. 1972 నుంచి 1978 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యుడు. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది, 2001లో పద్మశ్రీ వచ్చింది. వీటన్నిటికంటే నాకు పెద్దగా కనిపించేవి ఇంకో రెండు: 'మిమిక్రీ కళ' అని పుస్తకం రాసి తన విద్యను కాగితం మీద పెట్టడం, తెలుగు విశ్వవిద్యాలయంలో మిమిక్రీకి డిప్లొమా కోర్సు రావడానికి కారణం కావడం. ఇది నేర్పదగిన చదువు అని ఆయన పట్టుబట్టకపోతే ఇవాళ్టికీ 'వాడికి దేవుడిచ్చిన గొంతు' అన్న ఒక్క మాటతో సరిపెట్టేవాళ్లం. 2018 జూన్ 19న ఈ ఊళ్లోనే కన్నుమూశారు.

"అంత పెద్ద మనిషి గదా" అంటారు సారు, "ఇప్పటి పోరగాండ్లు ఫోన్ల వేణుమాధవ్ అని కొడితే కోదాడ వేణుమాధవ్ వస్తడు." నవ్వడం లేదు ఆయన. సినిమా హాస్యనటుడు వేణుమాధవ్ అంటే ఆయనకు ప్రేమే. కోదాడ కుర్రవాడు, అతనూ మిమిక్రీ మెట్టు మీదనుంచి ఎక్కినవాడే, 2019లో చిన్న వయసులోనే పోయాడు. బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు చెప్పే రోజుల్లో మిమిక్రీ చేసినవారే. సారు బాధ పేరు గురించి కాదు. మిమిక్రీ దాటి సినిమాకు వెళ్లినవాళ్లు కనబడతారు, మిమిక్రీలోనే ఉండిపోయినవాళ్లు కనబడరు.

నన్నిక్కడికి తెచ్చింది కూడా ఇదే. ఇదే ఓరుగల్లు గడ్డ నుంచి వెళ్లిన సందీప్‌రెడ్డి వంగా ఫిజియోథెరపీ చదివి 'అర్జున్‌రెడ్డి' ఎలా తీశాడో వినాలంటే గంటల కొద్దీ సంభాషణలు దొరుకుతాయి. చల్లగరిగ చంద్రబోస్ 'నాటు నాటు'తో ఆస్కార్ దాకా నడిచిన దారి ఆయన నోటనే వినొచ్చు. దొరకాలి కూడా, సంతోషం. అయినా ఆ ముచ్చట్లేవీ లేకపోయినా సినిమా ఉంటుంది, పాట ఉంటుంది. మిమిక్రీ కళాకారుడికి ఏం ఉంటుంది? అరువు తెచ్చుకున్న గొంతులు ఎవరివి వాళ్ల సినిమాల్లో భద్రంగా ఉంటాయి. వాటిని అరువు తెచ్చుకున్న విద్య, ఆ సగం విడిచిన ఊపిరి, ఆ కుండ, మనిషితోనే పోతాయి. ఎవరైనా ఎదురుగా కూర్చుని అడిగితే తప్ప వాటికి వేరే నిలవ లేదు. 1962లో ఫ్రాన్స్వా త్రూఫో ఫ్రాన్సు నుంచి వెళ్లి, హెలెన్ స్కాట్‌ను దుబాసీగా పెట్టుకుని, ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ముందు రోజుల తరబడి కూర్చుని సినిమా సినిమాకూ 'ఇది ఎలా తీశారు' అని అడిగాడు. 1966లో అచ్చయిన ఆ పుస్తకం దర్శకులకు పాఠ్యపుస్తకమైంది. హిచ్‌కాక్ సినిమాలు ఎలాగూ మిగిలేవి. ఎలాగూ మిగలనివాళ్ల ముందు కూర్చోవడం ఇంకా తొందర పని కాదా?

ఛాయ్ గిలాసలు ఖాళీ అయ్యాయి. రెండో గంట నడుస్తోంది.

సారు ఆర్కెస్ట్రా రోజుల గురించి చెప్తున్నారు. లగ్గాలు, గణేశ్ మండపాలు, కాలేజీ డే. రెండు పాటల మధ్య గాయకులు నీళ్లు తాగేంతసేపు మిమిక్రీ. పాటగాళ్లకు పేరుంటుంది, సారుకు ఆ సందు ఉంటుంది. కొన్నిసార్లు మైకు బాగు చేసేదాకా జనాన్ని పట్టి ఉంచమనేవారు, అంటే మైకు లేకుండానే చేయాలి. కవరు చివరికి చేతిలో పెట్టేవారు, ఒక్కోసారి మరిచిపోయేవారు. జనం మాత్రం మరిచిపోలేదు. లష్కర్ బజారులో కూరగాయలామె ఇప్పటికీ ఆపి, "సారూ, మా పోరనికి జర రేలంగి గొంతు ఇనిపియ్యి" అంటుందట.

"మరి సినిమాలకు ఎందుకు పోలేదు సార్?"

తయారుగా ఉన్న జవాబు ముందు వస్తుంది: నౌకరీ, పిల్లలు, తల్లి ఆరోగ్యం. అన్నీ నిజాలే. అమ్మ తలుపు దగ్గర తల ఊపుతారు. నేను ఇంకో ప్రశ్న వేయను. బయట సందులో గ్యాసు బండి వెళ్తుంది. సారు రికార్డరును కాదు, దండ వేసిన ఫొటోను చూస్తూ మొదలుపెడతారు.

"పోయిన తమ్మీ. ఒక్కసారి పోయిన. హైదరాబాద్ల ఒక డైరెక్టరు రమ్మన్నడు. చిన్న ఏషం, పోస్టుమాను. డైలాగు చెప్పుమన్నడు. గుమ్మడిగారి లెక్క చెప్పిన. నవ్విండు. అట్ల గాదు, మీ లెక్క చెప్పున్రి అన్నడు."

ఆగుతారు. ఇది రంగారావుగారి ఆగుడు కాదు.

"నా లెక్క అంటే ఎట్లనో నాకు తెల్వలే. నోరు తెరిస్తే ఎవరో ఒకరు వస్తున్నరు. చెమట పట్టింది. బస్సెక్కి వచ్చిన. ఇంట్ల ఈమెకు కూడా చెప్పలే."

అమ్మ ఆయన వైపు చూస్తారు. ఆమెకు ఇది ఇప్పుడే తెలిసింది. కోపం లేదు ఆ చూపులో, ఇన్నేళ్లుగా లెక్క తేలనిదేదో తేలినట్టుంది. "గా రాత్రి అన్నం తినలే మీరు" అంటారు నెమ్మదిగా. "జ్వరమనుకున్న."

ఆ సంగతి అచ్చు వేయొచ్చా అని తర్వాత అడిగాను. "రాయి. సినిమాలకు పోయేటోళ్లకు పనికొస్తది" అన్నారు. ఆ వేషం తప్పిపోవడం ఓటమి అని నేను అనుకోవడం లేదు. అన్ని గొంతుల కోసం తన గొంతును పక్కకు జరిపిన మనిషి అది ఎంత పక్కకు జరిగిందో ఆ ఒక్క మధ్యాహ్నం చూశాడు. నటన గురించి నేను విన్న మాటల్లో ఇంత నిజాయితీ ఉన్నది ఇంకోటి లేదు.

నాలుగు గంటలకు ఆటో. ఎంజీఎం ఆసుపత్రి దాటి, ములుగు రోడ్డు చౌరస్తా మీదుగా హన్మకొండ వైపు. సారు మెడకు మఫ్లరు చుట్టుకుని పెదవి విప్పరు. చలిగాలి గొంతుకు తగలకూడదు. ప్రదర్శన ఉన్న రోజు ఐసు ముట్టరు, గోరువెచ్చని నీళ్లే. గొంతు గట్టిగా సవరించుకోవడం అసలే కూడదు. అలా చేసిన ప్రతిసారీ స్వరతంతులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. పొద్దున రికార్డరు ముందు గుటక మింగి ఊరుకున్నది అందుకే.

కళాప్రాంగణంలో ఇంకా జనం రాలేదు. వేదిక మీద బ్యానరు కడుతున్నారు. శిష్యుడు ముందే వచ్చి నిలబడ్డాడు. ఇంటర్ చదువుతున్న కుర్రాడు, ఫోను నిండా డైలాగులు. 'అర్జున్‌రెడ్డి' చేస్తానంటాడు. సారు వద్దనరు. "చెయ్యి. గని ఆ పిలగాడు కోపానికి ముందు ముక్కుతోటి ఊపిరి తీస్తడా, నోటితోటా? అది చెప్పినంక చెయ్యి." కుర్రాడు ఫోను చెవికి ఆనించి ఆ చివరికి వెళ్లిపోతాడు, వెతకడానికి.

సారు మైకు దగ్గరికి వెళ్తారు. మన దృష్టిలో అది గొంతు పెంచే యంత్రం. ఆయనకు అదొక వాయిద్యం. పెదవులు దాదాపు ఆనించి ఒక్క మాట అంటారు, హాలు అడుగు నుంచి బరువు లేస్తుంది. ఇలాంటి మైకులకు దగ్గరికి జరిగేకొద్దీ మంద్రం పెరుగుతుంది. అరవకుండానే రంగారావుగారు అక్కడ దొరుకుతారు. ఇప్పుడు ముఖం పక్కకు తిప్పి, జానెడు దూరంలో నాలుకను అంగిటికి తాకిస్తూ గుర్రపు డెక్కలు మొదలుపెడతారు. దూరంగా, ఏ చెరువు అవతలో. మెల్లగా ముఖం మైకు వైపు తిరుగుతుంది. గుర్రం వస్తోంది. అరచేతిని దొప్పలా చేసి నోటి పక్కన పెట్టగానే నేల మారి రాళ్ల దారి అయింది. బ్యానరు కట్టే మనిషి నిచ్చెన మీద నుంచి తల తిప్పి తలుపు వైపు చూశాడు.

కుర్రాడు తిరిగొచ్చాడు. "నోటితోటి సార్. పండ్లు బిగవట్టి." సారు ముఖం విప్పారింది. ఆ తర్వాత కుర్రాడు తనంతట తాను అడిగిన ప్రశ్న, నేను పొద్దుట్నుంచి అడిగినవాటికంటే మంచిది. "సార్, రాజనాల నవ్వు ఏడికెళ్లి మొదలైతది?"

"నువ్వు నవ్వు ముందు."

నవ్వాడు. మూడో హా దగ్గర దగ్గొచ్చింది.

"దగ్గు ఎందుకొచ్చింది? గొంతుల నవ్వినవ్." సారు వాడి చేయి పట్టి తన బొడ్డు పైన ఆనించుకుంటారు. నవ్వుతారు. కుర్రాడి చేయి ఎగిరెగిరి పడుతుంది, వాడి కళ్లు పెద్దవవుతాయి. ఇప్పుడు వాడి వంతు. మొదటిది గొంతులోనే. రెండోది సగం దిగింది. కింద నుంచి నిర్వాహకుడు టైమైంది సార్, దీపం వెలిగించాలి రండి అంటున్నాడు. జనం లోపలికొచ్చి కుర్చీలు లాక్కుంటున్నారు. సారు ఒక వేలు పైకెత్తి ఆయన్ను ఆగమంటారు. రెండో చేయి కుర్రాడి పొట్ట మీదే ఉంది.

"భుజాలు లేపకు. మళ్ల."